మందుల బావి

“ఎన్ని సంచులు మామా?”

మమతారాణి అడగడం ఇది మూడోసారి. సిద్దిరాములు గోడకు ఒరిగి కూర్చుని తన పాదాల వంకే చూసుకుంటున్నాడు. ముందున్న చాయ్ చల్లారి మీగడ కట్టింది.

“జర యాది చేసుకో. ఇంకో గంటల మోటరు పెడ్తరు. కింది వాడ వాడంత ఆ బాయి నీళ్లే తాగుతది.”

“లెక్క పెట్టి వేసిన్నా బిడ్డా?” అన్నాడాయన చివరకు. “ఏడాదికి రెండో, మూడో. పదేండ్లు వేసిన.”

వంటింటి గడపలో నిలబడ్డ కనకవ్వ చేతిలోని చాటను దబ్బున కింద పెట్టింది. బియ్యం చిందాయి.

“నిన్న పొద్దూకి నోరు జారినవ్. ఇయ్యాల మళ్ల ఆ మాటనే ఏరి కోడలి చేతిల పెడ్తున్నవా?” అని భర్త మీద లేచింది. “కొడుకు సర్పంచై ఏడాది సుత గాలే. ఊరందరి ముంగట వాని ఇజ్జత్ తీస్తవా?”

“అత్తా, నువ్వు జర ఆగు.”

“నేనెందుకు ఆగాలె? గా సంచులు ఆయనొక్కడే మోసిండా? ఒక కొస నేను పట్టిన!”

ఆ మాట అనేశాక గానీ ఏమన్నదో కనకవ్వకు తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కింది వాడ నుంచి డప్పుల మోత గోడలు దాటి వచ్చి పడుతోంది.

సిద్దిరాములు ముప్పై అయిదేళ్లు ఆ ఊళ్లో మందుల దుకాణం నడిపినవాడు. ‘గోళీల సిద్దిరాములు’ అంటే మెట్‌పల్లి దాకా తెలుసు. మోకాళ్లు పట్టేశాక, అయిదేళ్ల కిందట, ఫార్మసీ చదివిన కోడలి చేతిలో దుకాణం తాళాలు పెట్టి ఇంటి పట్టున కూర్చున్నాడు. అప్పటిదాకా తారీకు దాటిన మందులు ఏం చేసేవాడని మమతారాణి ఎన్నడూ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా.

“ఏమేం మందులు మామా?”

“అన్ని. జెరం గోళీలు, నొప్పుల గోళీలు, పుండ్లు మానేటియి. సూదిమందు సీసలు. ఆడోళ్ల నెలసరి గోళీలు. ఏది అమ్ముడువోకుంటే అది.”

ఒక్కో మాటకు ఒక్కో అర నిండా డబ్బాలు మమత కళ్ల ముందు పేరుకున్నాయి.

“తారీకు దాటిందంటే మందు సచ్చిపోయినట్టే అనుకున్న బిడ్డా. మన్నుల మన్నైతదనుకున్న.”

“పెంటకుప్పల వెయ్యక బాయిల ఎందుకు వేసినవని అడుగుతవేమో,” కనకవ్వ అందుకుంది. ఈసారి గొంతులో కోపం లేదు. “నువ్వు అప్పటికి ఈ ఇంటికి రాలే. కుప్పల పడేసిన దగ్గుమందు సీస లచ్చయ్య బిడ్డ ఏరుకపోయి తాగింది. నాలుగు దినాలు దవాఖానల పడ్డది. పిల్ల బతికింది గని, ఈ మనిషికి తిండి సయించలే. ఎవల చెయ్యి అందని తావు గావాలె అన్నడు. కింది వాడ బాయి ఎండి ఒట్టిగున్నది. అండ్ల వేసినం. గంతే.”

“నీళ్లు ఊరినంక?”

“అంజన్న సాచ్చిగ ఒక్క గోళీ వెయ్యలే,” అన్నాడు సిద్దిరాములు. మొదటిసారి తలెత్తాడు. “కాలువ వచ్చి బాయిల నీళ్లు లేసినయ్. గా దినం సంది దుకాణం ఎన్క మూటలు కట్టి పెట్టిన గని, ఆ దిక్కు పోలే. బాయి నీళ్లు పసుపు చేన్లకు పారించిండ్రు, ఎవలూ తాగలే. పోనీలే అనుకున్న. ఇప్పుడు...”

ఇప్పుడు తొవ్వ వెడల్పు చేసే పనిలో కింది వాడకు పోయే నీళ్ల పైపు పగిలింది. రెండు నెలలుగా ఆడవాళ్లు బిందెలు మోసుకుని ఊరి ఆ కొసకు నడుస్తున్నారు. నాగరాజు సర్పంచు అయ్యాక పట్టుదలగా తీసుకున్న మొదటి పని ఇది. బావికి మోటరు, వాడలో నాలుగు నల్లాలు.

బయట బండి ఆగింది.

* * *

నాగరాజు తెల్లంగి మీద అప్పటికే పసుపు చుక్కలు పడ్డాయి. బండి హ్యాండిలుకు బంతిపూల దండ వేలాడుతోంది. చెప్పులు కూడా విడవకుండా వాకిట్లోంచే మొదలుపెట్టాడు.

“ఇంక తయారు గాలేదా మీరు? వాడంత బాయి కాడనే ఉన్నది! కోమల ఎప్పుడో వచ్చింది. మొదటి బిందె నా చెల్లెనే పట్టాలెనని ఆడోళ్లందరు ఒకటే పంతం. పొట్టతోని ఉన్న బిడ్డ పట్టుకుంటే బాయి ఎండదట. లేవే మమతా, చీర మార్చుకో. బాపూ, నీ శాలువ ఏది?”

“మోటరు పెట్టొద్దు,” అంది మమతారాణి.

నాగరాజు నవ్వాడు. తర్వాత తల్లి ముఖం చూశాడు. తండ్రి ముఖం చూశాడు. నవ్వు అలాగే మిగిలిపోయింది, లోపల ఏమీ లేకుండా.

మమత చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పేసింది. అలా చెప్పకపోతే తనకు కూడా ధైర్యం చాలదని తెలుసు.

“నిజమేనా బాపూ?”

“నిజమే కొడుకా.”

“నెల రోజులు నా ఎంబడి ఆ బాయి చుట్టు తిరిగినవ్. మోటరుకు కొబ్బరికాయ నువ్వే కొట్టినవ్. ఇన్నొద్దులు నోట్లె ఏం పెట్టుకున్నవే?”

“దినాం చెప్దామనే వచ్చిన. నీ సంబురం చూసి నోరు రాలే.”

నాగరాజు అరుగు మీద కూలబడ్డాడు. మళ్లీ వెంటనే లేచాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి భార్య ముందు ఆడించాడు.

“పరీక్ష చేపిచ్చిన. చూడు! ఉప్పు మంచిగున్నది, ఫ్లోరైడ్ లేదు, పురుగు లేదు. తాగొచ్చని రాసి ఇచ్చిండ్రు.”

“వాళ్లు రాసింది నిజమే. వాళ్లు చూసేటియి అవే. నీళ్లల్ల గోళీ మందులున్నయా అని ఆ కాయిదంల ఎక్కడన్న ఉన్నదా? సదువు.”

చదివాడు. రెండోవైపు తిప్పి కూడా చూశాడు, అక్కడ ఏమీ లేదని తెలిసినా.

“అంత పెద్ద బాయి! కాలువ నీళ్లు వచ్చి ఎన్ని మార్లు నిండింది, ఎన్ని మార్లు పారింది! ఏనాటి గోళీలో ఇంక ఉంటయా?”

“ఉండకపోవచ్చు. ఉండొచ్చు. నాకు తెల్వదు. నీకు తెల్వదు. తెల్వకుంట కోమలకు బిందె ఎత్తుతవా?”

అది తగలాల్సిన చోటే తగిలింది. మమత ఫోన్ తీసింది. కరీంనగర్‌లో తనకు ఫార్మసీ చెప్పిన శ్యాంసుందర్ సారుకు పొద్దున్నే సంగతి చెప్పి ఉంచింది. మళ్లీ కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

“సర్పంచు గారూ, భయపడకుండ్రి,” అన్నాడు సారు. “ఒక్క గిలాస తాగంగనే ఎవలూ పడిపోరు. నొప్పి గోళీ ఒక్కటి వేసుకున్నంత మందు సుత బిందె నీళ్లల్ల ఉండదు.”

“చూసినవా!” నాగరాజు ఒక్కసారిగా పొంగిపోయాడు.

“ఆగుండ్రి, నా మాట కాలే. మీరు తాగేది ఒక్క గిలాస గాదు గద. దినాం తాగుతరు. ఏండ్లకేండ్లు తాగుతరు. పొట్టల ఉన్న పిల్ల సుత తాగుతది. కిడ్నీ మంచిగ లేని ముసలాయన తాగుతడు. నాలుగైదు తీర్ల మందులు జర జర కలిసి దినాం లోపటికి పోతే ఏమైతదో ఇంక ఎవలూ గట్టిగ చెప్పలేరు. నేను సుత చెప్పలేను. తెల్వనప్పుడు తాగియ్యొద్దు. అంతే. సీసల నీళ్లు పంపుండ్రి. హైదరాబాద్ ల్యాబ్‌ల చూపిద్దాం. పది, పన్నెండు దినాలు పడ్తది.”

ఫోన్ పెట్టేశాక నాగరాజు వాకిట్లో ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగుసార్లు నడిచాడు. ఆగాడు. కళ్లలో ఏదో మెరిసింది.

“మోటరు కాలిపోయిందని చెప్త.”

“ఏంది?”

“గంగయ్యకు నేను చెప్త. స్టార్టర్ల ఒక వైరు ఊడదీస్తే ఐపాయె. మోటరు కాలింది, కొత్తది రావాలె, పదిహేను దినాలు పడ్తది. గీ లోపట నీ ల్యాబ్ కాయిదం వస్తది. మంచిగుంటే మంచిదే. లేకుంటే అప్పుడు చూద్దాం. బాపు పేరు రాదు. ఎవలూ పరేషాన్ గారు.”

“బంగారమసొంటి మాట,” అంది కనకవ్వ.

మమతకు కూడా ఒక్క క్షణం అది బంగారం లాగే అనిపించింది. ఎవరూ తాగరు, ఎవరూ తిట్టరు. మామ ఈ వయసులో ఊరి ముందు తల దించుకోవాల్సిన పని లేదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, దాన్ని పక్కకు నెట్టడానికి పళ్లు బిగించుకోవలసి వచ్చింది.

“మోటరు కాలితే బాయి కాలదు గద. నీళ్లు పైకి కనబడ్తున్నయ్. రేపు పొద్దుగాల తాడు, బొక్కెన పట్టుకుని పోతరు. వద్దని ఏమని ఆపుతవ్?”

“అది నేను చూస్కుంట.”

“ఎట్ల చూస్కుంటవ్?”

“చూస్కుంట అన్న గద! ప్రతిదానికి ఎట్ల, ఎట్ల! నువ్వు ఈ ఇంటి కోడలివా, ఊరి మీది ఆఫీసర్‌వా?”

“దుకాణంల కూసున్నదాన్ని. రేపు ఎవలకన్న ఏమన్నైతే మందు కోసం నా తానకే వస్తరు. వాళ్ల ముఖం ఎట్ల చూడాలె నేను?”

కనకవ్వ చిందిన బియ్యం ఏరడానికి వంగి, ఏరకుండానే ఉండిపోయింది. డప్పుల దరువు మారింది. ఇప్పుడది మరీ జోరుగా, మీదికి వచ్చేలా కొడుతున్నారు.

“మీ బాపు ఏడి?” అంది కనకవ్వ ఉన్నట్టుండి.

గోడ దగ్గర చాయ్ గిలాస ఉంది. మనిషి లేడు. వాకిలి తలుపు బార్లా తెరిచి ఉంది.

* * *

స్కూటీ మీద మమత, వెనక కనకవ్వ. ముందు నాగరాజు బండి. గల్లీలో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. మోకాళ్లు సహకరించని మనిషి అంత దూరం ఎలా నడిచాడో తెలియదు గానీ, వాళ్లు చేరేసరికే సిద్దిరాములు బావి దగ్గర ఉన్నాడు.

మోటరు స్టార్టర్ డబ్బాకు వీపు ఆనించి, సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. మోటరు బిగించిన గంగయ్య ఎదురుగా నిలబడి బతిమాలుతున్నాడు.

“సారూ, జర లెవ్వుండ్రి. ముహూర్తం దాటుతది. మీరట్ల కూసుంటే నేను బటన్ ఎట్ల ఒత్తాలె?”

“ఒత్తొద్దనే కూసున్న గంగయ్యా.”

డప్పులు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. బావి చుట్టూ కట్టిన బంతిపూల మధ్య కోమల నిలబడి ఉంది. ఏడో నెల. చేతిలో తళతళలాడే ఇత్తడి బిందె. పక్కనే ఆమె భర్త భానుప్రసాద్ ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. మెట్‌పల్లిలో మందుల ఏజెన్సీ ఆయనది. మమత దుకాణానికి సరుకంతా ఆయన దగ్గరి నుంచే వస్తుంది.

“మామకు ఎండ తగిలినట్టున్నది,” భానుప్రసాద్ ఫోన్ దించి నవ్వుతూ అన్నాడు. “బావా, జర లేపు.”

నాగరాజు ముందుకు వెళ్లాడు. తండ్రి ముందు వంగాడు. చుట్టూ వందమంది ఉన్నా, ఇద్దరి మధ్యే అన్నట్టు మెల్లగా చెప్పాడు.

“బాపూ, ఇంటికి పోదాం పా. నేను చూస్కుంట అని చెప్పిన గద.”

“నువ్వు నాకోసం అబద్దమాడ్తవ్ కొడుకా. అది నాకు ఎర్కే. అందుకే వచ్చిన.”

సిద్దిరాములు స్టార్టర్ డబ్బాను పట్టుకుని లేచి నిలబడ్డాడు. అందరినీ ఒకసారి చూశాడు. ఆ ముఖాల్లో ఆయన చేతి గోళీ మింగనిది ఒక్కటి కూడా లేదు.

“గీ బాయి ఎండినప్పుడు తారీకు దాటిన మందులు నేను ఇందుల పారబోసిన. సంచులకు సంచులు. పదేండ్లు పారబోసిన. నా కొడుకుకు తెల్వదు. ఇయ్యాలనే తెలిసింది. ఈ నీళ్లు తాగకుండ్రి.”

ఒక్కసారే అందరూ మాట్లాడారు.

“నేను మొన్నటి సందే తాగుతున్న!” బుచ్చవ్వ గుండె మీద చెయ్యి వేసుకుని ముందుకు వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం వాడంతా వినపడుతుంది. “గంగయ్య మోటరు ఎట్లున్నదో చూస్త అని నీళ్లు తోడిండు. నాలుగు బిందెలు తెచ్చుకున్న! నేను సస్తనా సిద్దిరాములూ? నిజం చెప్పు!”

“సావవు పెద్దవ్వా,” అంది మమత జనంలోంచి దారి చేసుకుని వచ్చి. “మూడు దినాలకు ఏం గాదు. ఇప్పటి సంది తాగకు, అంతే.”

“మందులే గదా కలిసింది?” వెనక నుంచి ఎవరో మగగొంతు. “మంచిదే! దినాం తాగితే రోగాలు పోతయ్. దవాఖానకు పోయే పని తప్పుతది!”

కొందరు నవ్వారు. నవ్వాలో వద్దో తెలియక కొందరు ఆగారు.

“పత్తి చేనుకు మందు కొడ్తరు గద,” మమత ఆ గొంతు వైపు తిరిగింది. “పురుగు సచ్చేంత కొట్టక జర జర కొడితే ఏమైతది?”

“పురుగు ముదురుతది,” అన్నాడు లచ్చయ్య. ఆ వాడ పెద్దమనిషి, నలభై ఏళ్లు పత్తి పండించినవాడు. “ఎనకటి మందు ఇగ దానికి అంటదు. గా గులాబి పురుగు మమ్ముల ముంచింది గట్లనే.”

“మన కడుపుల ఉండే పురుగు సుత గంతే పెద్దయ్యా. మందు దినాం జర జర తాగిస్తే అది ముదురుతది. రేపు మీ మనుమనికి జెరమొస్తది. నేను గోళీ ఇస్త. అది పని చెయ్యది. ఇంక పెద్ద సూది ఇస్తరు. అది సుత పని చెయ్యకపోతే? ఒకలకు మందైంది ఇంకొకలకు విషం. పాలు తాగే పిల్లకు నొప్పుల గోళీ ఎవలన్న వేస్తరా?”

ఎవరూ నవ్వలేదు.

“కాగబెట్టుకుని తాగితే?” ఒక ఆడమనిషి ఆశగా అడిగింది.

“కాగబెడితే పురుగు సస్తది అక్కా. మందు పోదు.”

లచ్చయ్య బావి గట్టు మీదికి వంగి నీళ్లలోకి చూశాడు. ఆకాశం నీలంగా, నిశ్చలంగా కనిపిస్తోంది. “నా బిడ్డ నీ సీస తాగి పడ్డ దినం యాదికున్నది,” అన్నాడు వంగిన తల ఎత్తకుండానే. “నిన్ను కొట్టడానికి వచ్చిన. నువ్వు దవాఖానల నా పక్కకే నాలుగు దినాలు కూసున్నవ్. అందుకని ఇప్పుడు కొడ్తలేను. గని ఉత్త మాట మీద ఈ నీళ్లు ఒదులుకోమంటే వాడ ఒప్పుకోదు. ఆడోళ్ల నడుములు ఇరిగినయ్. సంచి ఉంటే తీసి చూపెట్టు.”

“చూపెట్టుండ్రి! చూపెట్టుండ్రి!”

“ఇగ చాలు,” భానుప్రసాద్ మధ్యలోకి వచ్చాడు. చెమటలు పట్టాయి. “మామ చెప్పిండు, అందరం నమ్మినం. బాయికి మూత పెట్టుండ్రి. ఉన్న బురదంత కదిలిస్తరెందుకు? అత్తగారింటి ఇజ్జత్ నా ఇజ్జత్ గాదా?”

“తియ్యాలె అన్నా,” అంది మమత. “ఏమున్నయో చూస్తే, ల్యాబోళ్లకు దేనికోసం చూడాలెనో చెప్పొచ్చు.”

గంగయ్య అప్పటికే పరుగెత్తాడు. బావిలో పడ్డ బొక్కెనలు తీసే కొక్కేల గాలం, పొడుగు తాడు తెచ్చాడు. వద్దన్నవాళ్లే ముందుకు తోసుకొచ్చారు. నాగరాజు తెల్లంగి చేతులు పైకి మడిచి తాడు రెండో కొస పట్టుకున్నాడు. ఆ పట్టుకున్న తీరులో, చాలాసేపటి తర్వాత, మమతకు తన మనిషి కనిపించాడు.

గాలం మునిగింది. అడుగు తాకింది. ఈడ్చారు. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి బురద, నాచు. మూడోసారి కొక్కేనికి చివికిన గోనె పీలిక ఒకటి చిక్కుకుని వచ్చింది. గట్టు మీద దులిపేసరికి నల్లబడ్డ రేకులు, మూత ఊడిన చిన్న చిన్న గాజు సీసలు గలగలా రాలాయి. గోళీ ఒక్కటి కూడా లేదు. అన్నీ కరిగి ఎప్పుడో నీళ్లలో కలిశాయి.

బుచ్చవ్వ ఒక సీస తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. బిందెలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వాటిని నేల మీద పెట్టారు.

“ఇంకోటి తగులుతున్నది!” గంగయ్య అరిచాడు. “బరువున్నది. పట్టుండ్రి, పట్టుండ్రి!”

ఇంకో ఇద్దరు తాడు అందుకున్నారు. లాగారు. నీళ్లు చీల్చుకుని నీలం రంగు ప్లాస్టిక్ సంచి పైకి తేలింది. దట్టంగా ఉంది, చివకలేదు, చిరగలేదు. మూతిని నైలాన్ తాడుతో గట్టిగా బిగించారు. తేలకుండా రాయి కూడా కట్టి ఉంది.

“గిది నాది గాదు,” అన్నాడు సిద్దిరాములు. “నాయి అన్ని గోనె సంచులే.”

నాగరాజు తాడు కోశాడు. లోపల ఇంకో ప్లాస్టిక్ కవరు. దానిలో తడి అంటని తెల్లటి డబ్బాలు. ఒకటి తెరిచి గోళీల పట్టీ తీసి వెలుతురుకు పెట్టాడు. తారీకు చదివాడు. నమ్మలేక మళ్లీ చదివాడు.

“పోయినేడుది,” అన్నాడు.

“బాయి ఎండినప్పుడే వేసిన అంటివి!” లచ్చయ్య గొంతు లేచింది. “సిద్దిరాములూ, ఇందాక చెప్పింది సుత అబద్దమేనా?”

మమతకు ఆ గొడవ వినిపించలేదు. ఆమె కళ్లు రెండో డబ్బా మూత మీద ఉన్నాయి. నల్ల మార్కర్‌తో రాసిన అక్షరాలు. ‘తారీకు దాటినవి. కంపెనీకి వాపస్.’ కింద తేదీ. ఆ ‘వా’ దీర్ఘం అలా పైకి లాగి రాసేది ఊళ్లో ఒక్కరే. తనే.

మూడు నెలలకోసారి దుకాణంలో పాత మందులు ఏరి, డబ్బాల్లో సర్ది, పైన రాసి, కంపెనీకి తిరిగి పంపమని, సరుకు దించడానికి ఊరికి వచ్చే భానుప్రసాద్ చేతికి ఇచ్చేది. ఇచ్చి నిశ్చింతగా ఉండేది. మామ చేసింది ఆయన అమాయకత్వమని, తను మాత్రం చదువుకున్నదాన్నని పొద్దున్నుంచీ లోలోపల అనుకుంటూనే ఉంది. ఇప్పుడు వంగి ఆ డబ్బాను చేతిలోకి తీసుకుంది.

తలెత్తింది. భానుప్రసాద్ ఫోన్ జేబులో పెట్టుకుని జనం వెనక్కు జరుగుతున్నాడు.

సిద్దిరాములు కూడా చూశాడు. డబ్బాను చూశాడు, అల్లుణ్ని చూశాడు, బిందె పట్టుకుని నిలబడ్డ కూతురి పొట్ట చూశాడు. ఆయన ముఖం అప్పటికప్పుడు ముడుచుకుపోయింది.

“నాదే,” అన్నాడు గట్టిగా. “గా సంచి సుత నాదే. మర్శిపోయిన. నేనే వేసిన.”

“బాపూ!” అన్నాడు నాగరాజు. “నువ్వు దుకాణం ఇడిసి అయిదేండ్లాయె. గిది పోయినేడుది!”

“నేనే వేసిన అంటున్న గద!”

కనకవ్వ నేల మీద కూలబడింది. నిజం చెప్పడానికి మోకాళ్ల నొప్పిని లెక్కచేయకుండా ఇంతదూరం నడిచి వచ్చిన మనిషి, అదే చోట నిలబడి, అదే నోటితో అబద్ధం ఆడుతున్నాడు. ఎవరి కోసమో మమతకు తెలుసు. తను నోరు మూసుకుంటే ఆ అబద్ధం నిలుస్తుంది. కోమల కాపురం కూడా నిలుస్తుంది.

డబ్బాను రెండు చేతులా పైకెత్తి, మూత మీది రాత అందరికీ కనపడేలా తిప్పింది.

“మామది గాదు. ఇవి నా దుకాణం మందులు. రాత నాది.”

జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. నాగరాజు భార్య వంక చూసిన చూపులో ప్రశ్న కూడా లేదు, భయం ఉంది.

“అయితే నువ్వు వేసినవా?” బుచ్చవ్వ అడిగింది.

“వెయ్యలే.”

“మరి నీ డబ్బ బాయిలకెట్ల వచ్చింది? ఎవల చేతికిచ్చినవ్?”

మమత నోరు తెరిచింది. కోమలతో కళ్లు కలిశాయి. ఆ కళ్లలో బతిమాలడం ఉంటుందనుకుంది. లేదు. కోమల ఆ నీలం సంచిని చూస్తోంది. కోసిన నైలాన్ తాడును, దాని ముడిని చూస్తోంది. తన ఇంట్లోనే ఎన్నోసార్లు చూసినదాన్ని గుర్తుపట్టిన మనిషిలా, మెల్లగా వంగి ఇత్తడి బిందెను గట్టు మీద పెట్టింది.

“కోమలా, ఎండల నిలవడకు, ఇంటికి పోదాం పా,” అన్నాడు భానుప్రసాద్ వెనక నుంచి.

కోమల అటు తిరగలేదు. ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని, వదిన పక్కకు వచ్చి నిలబడింది.

“వదిన చెప్పది,” అంది. “నేను చెప్త.”